గింప్ 3ని సోర్స్ నుంచి కంపైల్ చేస్తుంటే పాత గెగల్ ఎందుకు అడ్డొస్తోంది?

తర్వాత చదివేవాళ్లకు కూడా పనికొస్తుందని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. ఉబుంటు 24.04 లైనక్స్‌లో, బొమ్మలు ఎడిట్ చేసే ప్రోగ్రామ్ గింప్ 3ని సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేయబోయారు. గింప్ ఆధారపడే గెగల్ అనే లైబ్రరీ 0.4.48 వెర్షన్ ఉంది గానీ, అంతకంటే కొత్తది కావాలంటూ, కంపైల్‌కు అన్నీ సిద్ధం చేసే మెసాన్ ఆగిపోయింది. కొత్త గెగల్ సోర్స్ దించుకుని, కంపైల్ చేసి, సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఆప్ట్ ఫోల్డర్ కింద ఇన్‌స్టాల్ చేశారు. అయినా మెసాన్ పాతదాన్నే పట్టుకుంది. దారులు అటూ ఇటూ మార్చి చివరికి గింప్‌ను కంపైల్ చేశారు. తీరా తెరిస్తే 'గెగల్ వెర్షన్ మరీ పాతది' అన్న సందేశం వచ్చింది. సిస్టమ్‌లోని పాత గెగల్‌ను తీసేయమని ఎవరో సలహా ఇచ్చారు. తీసేయవచ్చా అని అడుగుతున్నారు.

వద్దు, తీసేయకండి. దానితోపాటు దాని మీద ఆధారపడిన గింప్ 2.10ని కూడా ప్యాకేజీ మేనేజర్ తీసుకుపోతుంది. ప్రస్తుతం మీ దగ్గర నడుస్తున్న గింప్ అదొక్కటే. గెగల్ కాబట్టి నష్టం అక్కడితో ఆగుతుంది. ఇదే పని డెస్క్‌టాప్ అంతా ఆధారపడే గ్లిబ్‌ మీదో, కైరో మీదో, ప్యాంగో మీదో చేస్తే మొత్తం డెస్క్‌టాప్ ఊడిపోతుంది. అందుకే ఈ సలహా ఎక్కడ కనిపించినా పట్టించుకోకండి.

పాతదీ కొత్తదీ ఒకే మెషిన్‌లో ఏ గొడవా లేకుండా ఉండగలవు. మీకు వచ్చిన చిక్కు వేరే. కంపైల్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి ప్రోగ్రామ్ తెరుచుకునేదాకా గెగల్ కోసం ముగ్గురు వెతుకుతారు. ఎవరి పద్ధతి వాళ్లది. ఆ ముగ్గురికీ ఒకే చోటు చూపించాలి. మీరు ఒకరికి చూపించి మిగతావాళ్లను వదిలేశారు. సోర్స్ నుంచి పెద్ద అప్లికేషన్లు కంపైల్ చేసేటప్పుడు వచ్చే ఇబ్బందుల్లో చాలా భాగం తిప్పి తిప్పి ఇక్కడికే వస్తాయి.

మొదటిది ప్యాకేజ్-కాన్ఫిగ్. గెగల్ ఉందా, ఏ వెర్షన్ అని మెసాన్ అడిగేది దీన్నే. ఇది లైబ్రరీని తెరిచి చూడదు. డాట్ పీసీ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న చిన్న టెక్స్ట్ ఫైల్ చదువుతుంది, అంతే. వెర్షన్ ఎంత, హెడర్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయి, లింక్ చేయడానికి ఏ ఫ్లాగులు ఇవ్వాలి అన్నవి అందులో ఉంటాయి. ఎడిటర్‌లో తెరిస్తే మీకే అర్థమవుతుంది, ఒకసారి తెరిచి చూడండి.

రెండోది లింకర్. కంపైల్ అయిన ముక్కలన్నీ కలిపి బైనరీ (నడిచే ప్రోగ్రామ్ ఫైల్) తయారుచేసేటప్పుడు, డాట్ పీసీ ఫైల్ చెప్పిన ఫోల్డర్‌లోకి వెళ్లి లైబ్రరీని చూసుకుంటుంది. మొదటిది సరిగ్గా ఉంటే ఇది సాధారణంగా పేచీ పెట్టదు.

మూడోది లోడర్. అసలు తిప్పలు ఇక్కడే. గింప్ తెరిచిన ప్రతిసారీ లైబ్రరీలను మెమరీలోకి తెచ్చేది ఇదే. దీనికి డాట్ పీసీ ఫైళ్లతో సంబంధం లేదు. కంపైల్ సమయంలో మీరు చూపించిన దారులు కూడా దీనికి తెలియవు. గింప్ బైనరీలో 'లిబ్‌గెగల్-0.4 డాట్ ఎస్ఓ డాట్ 0' అన్న పేరు మాత్రమే ఉంటుంది, ఫోల్డర్ ఉండదు. ఉబుంటు ఇచ్చిన 0.4.48కీ, మీరు కంపైల్ చేసినదానికీ ఆ పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే. ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉన్నప్పుడు ఇంటిపేరు చెప్పకుండా కేకేస్తే దగ్గర్లో ఉన్నాయన పలుకుతాడు కదా, అలాగే సిస్టమ్ ఫోల్డర్‌లో ఉన్న పాత గెగల్ పలుకుతుంది. 0.4 వరుసలో కొత్త లైబ్రరీ పాత ప్రోగ్రాములకు పనికొస్తుంది గానీ, కొత్త ప్రోగ్రాముకు పాత లైబ్రరీ చాలదు. గింప్ తెరుచుకోగానే గెగల్ వెర్షన్ సరిచూసుకుంటుంది. చాలకపోతే మీరు చూసిన సందేశం ఇస్తుంది. ఒక్కోసారి అంతదాకా కూడా రాకుండానే 'సింబల్ లుకప్ ఎర్రర్' అని టెర్మినల్‌లో పడిపోతుంది. రెండింటికీ కారణం ఒకటే.

బిల్డ్ ఫోల్డర్‌లో ఉన్నప్పుడు పనిచేసి, ఇన్‌స్టాల్ చేశాక ఎందుకు పాడైందని కూడా అడిగారు. బిల్డ్ ఫోల్డర్‌లోని బైనరీల్లో మెసాన్ లైబ్రరీల దారిని ఆర్‌పాత్ రూపంలో రాసిపెడుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తాను రాసిన ఆ దారిని చెరిపేస్తుంది. బిల్డ్ ఫోల్డర్ రేపు ఉండకపోవచ్చు కాబట్టి అలా చెరపడమే సరైన పని. దారి పోయాక లోడర్ తనకు తెలిసిన సిస్టమ్ ఫోల్డర్లలోనే వెతుకుతుంది.

ఇంతకీ ఉబుంటులో ఉన్న గెగల్ ఎందుకు చాలలేదు? ఉబుంటు 24.04 వచ్చింది 2024 ఏప్రిల్‌లో. గింప్ 3.0 వచ్చింది 2025 మార్చిలో. దీర్ఘకాలం నడిచే ఎల్‌టీఎస్ విడుదలల్లో ఉబుంటు సాధారణంగా లైబ్రరీల వెర్షన్లను పెంచదు, భద్రతకూ ముఖ్యమైన బగ్‌లకూ సంబంధించిన సవరణలు మాత్రమే ఇస్తుంది. గింప్, గెగల్, బాబుల్ మాత్రం కలిసి నడుస్తాయి. బొమ్మ మీద జరిగే లెక్కలన్నీ గెగల్ చేస్తుంది. పిక్సెల్ ఫార్మాట్ల మధ్య మార్పిడి బాబుల్ చూసుకుంటుంది. 2018లో వచ్చిన 2.10 నుంచి గింప్‌లో ఇమేజ్ ప్రాసెసింగ్ దాదాపు మొత్తం గెగల్ మీదే నడుస్తోంది. 3.0లో ఫిల్టర్‌ను వేశాక కూడా మళ్లీ మార్చుకోగలిగే సౌకర్యం వచ్చిందంటే దాని వెనకున్నదీ గెగలే. అందుకని కొత్త గింప్ ఎప్పుడూ కొత్త గెగల్‌నూ బాబుల్‌నూ అడుగుతుంది. మిగతా లైబ్రరీల విషయంలో ఇంత పట్టింపు లేదు. జీటీకే 3, ప్యాంగో, కైరో, ఫాంట్‌కాన్ఫిగ్ వంటివి ఉబుంటు 24.04లో ఉన్నవే సరిపోతాయి.

కాబట్టి సోర్స్ నుంచి కంపైల్ చేయాల్సినవి మూడే: బాబుల్, తర్వాత గెగల్, తర్వాత గింప్. ఈ వరుస మార్చకూడదు. గ్లిబ్ దగ్గర్నుంచి అన్నీ కంపైల్ చేయించే పాత వ్యాసాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి వెంట పడకండి. ఎంత తక్కువ కంపైల్ చేస్తే అంత తక్కువ తెగుతుంది.

ఇప్పుడు మొదటి నుంచి మళ్లీ చేద్దాం. పాత బిల్డ్ ఫోల్డర్లన్నీ తీసేయండి. ఆప్ట్ ఫోల్డర్ కింద సుడోతో ఇన్‌స్టాల్ చేసినదాన్ని కూడా పూర్తిగా తీసేయండి. ఈసారి హోమ్ ఫోల్డర్‌లోనే గింప్3 అని ఒక ఫోల్డర్ పెట్టుకుని, మూడింటికీ దాన్నే ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ అయ్యే మూల ఫోల్డర్‌గా) ఇవ్వండి. అప్పుడు సుడో అవసరమే రాదు. సుడోను ఎందుకు వద్దంటున్నానంటే, అది మీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను (టెర్మినల్‌లో మీరు పెట్టుకున్న దారులు, సెట్టింగ్‌లను) వదిలేసి పనిచేస్తుంది. సుడోతో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మెసాన్‌కు మళ్లీ కాన్ఫిగర్ చేయాల్సిన పని పడితే, మీరు చూపించిన దారులేవీ లేకుండా వెతికి మళ్లీ పాత గెగల్ దగ్గరికే పోతుంది. పైగా బిల్డ్ ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్లు రూట్ (అడ్మిన్) పేరు మీద పడి, తర్వాత మామూలుగా కంపైల్ చేస్తే 'పర్మిషన్ డినైడ్' అంటుంది. యూఎస్ఆర్ లోకల్ (/usr/local) అనే సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టడం ఇంకా ప్రమాదం. ఉబుంటులో లోడర్ ఆ ఫోల్డర్‌ను కూడా చూస్తుంది. సిస్టమ్‌లోని గింప్ 2.10కి కూడా మీ కొత్త గెగల్ తగులుకుంటుంది, ఎక్కడ ఏది నడుస్తోందో తేల్చుకోవడం కష్టమవుతుంది. హోమ్ ఫోల్డర్‌లో ఉంటే నచ్చనప్పుడు ఆ ఒక్క ఫోల్డర్‌ను డిలీట్ చేస్తే సరి.

డిపెండెన్సీల (కంపైల్‌కు కావాల్సిన ఇతర లైబ్రరీల) కోసం ఏపీటీ బిల్డ్-డెప్ గింప్ అన్న కమాండ్ వాడండి. ఏపీటీ అంటే ఉబుంటు ప్యాకేజీ మేనేజర్. దానికి ముందు సోర్స్ రిపాజిటరీలు తెరిచి ఉండాలి. 24.04లో ఆ సెట్టింగ్ ఉబుంటు డాట్ సోర్సెస్ అనే ఫైల్‌లో ఉంటుంది. అందులో టైప్స్ అన్న లైన్లో డెబ్ అని ఉన్నచోట, దాని పక్కనే డెబ్-ఎస్ఆర్‌సీ కూడా చేర్చి, ఏపీటీ అప్‌డేట్ కొట్టండి. ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ కమాండ్ తెచ్చేవి గింప్ 2.10కి కావాల్సినవి. 2.10 నడిచేది జీటీకే 2 మీద, 3.0 నడిచేది జీటీకే 3 మీద. కాబట్టి జీటీకే 3 డెవ్ ప్యాకేజీ, యాప్‌స్ట్రీమ్ డెవ్ ప్యాకేజీ వంటివి విడిగా పెట్టుకోవాలి. గింప్ సోర్స్‌లో ఇన్‌స్టాల్ అన్న ఫైల్ ఉంటుంది, ఏ లైబ్రరీ కనీసం ఏ వెర్షన్ కావాలో అందులో ఉంటుంది. చాలామంది దాన్ని తెరవరు. తెరిస్తే సగం ప్రశ్నలకు అక్కడే సమాధానం దొరుకుతుంది.

మెసాన్ ఏదైనా పేరు చెప్పి దొరకలేదంటే, ఆ పేరుతో డాట్ పీసీ ఫైల్ ఏ ప్యాకేజీలో ఉందో ఏపీటీ-ఫైల్ కమాండ్‌తో వెతకండి. అది దాదాపు ఎప్పుడూ డెవ్ అని ముగిసే ప్యాకేజీలోనే ఉంటుంది. లైబ్రరీ ఇన్‌స్టాల్ అయ్యే ఉన్నా దొరకలేదంటోందని బెంగపడేవాళ్లు చాలామంది. వాళ్ల దగ్గర ఉన్నది నడిపించే ప్యాకేజీ. కంపైల్ చేయడానికి కావాల్సిన హెడర్లు, డాట్ పీసీ ఫైల్ ఉండేది డెవ్ ప్యాకేజీలో.

ఈ బిల్డ్-డెప్ కమాండే పాత గెగల్ డెవ్, బాబుల్ డెవ్ ప్యాకేజీలను కూడా తెచ్చిపెడుతుంది. మెసాన్‌కు 0.4.48 కనిపించింది వాటివల్లే. ఆ రెండు డెవ్ ప్యాకేజీలను మాత్రం నిశ్చింతగా తీసేయవచ్చు, తీసేయమనే నా సలహా. గింప్ 2.10 నడవడానికి వాటితో పనిలేదు. అవి లేకపోతే, మీరు చూపిన దారి తప్పైనప్పుడు మెసాన్ పాతదాన్ని పట్టుకోకుండా 'అసలు దొరకలేదు' అని సూటిగా చెబుతుంది.

తర్వాత ఒక చిన్న షెల్ ఫైల్ రాసుకోండి. అందులో ప్రిఫిక్స్ ఎక్కడో చెప్పి, దాని ఆధారంగా అయిదు వేరియబుల్స్ సెట్ చేయండి. పీకేజీ కాన్ఫిగ్ పాత్ ప్యాకేజ్-కాన్ఫిగ్ కోసం. ఎల్‌డీ లైబ్రరీ పాత్ లోడర్ కోసం. కొత్త బైనరీలు ముందు కనిపించడానికి పాత్. ఇంట్రోస్పెక్షన్ ఫైళ్ల కోసం (లైబ్రరీని వేరే భాషల నుంచి వాడుకోవడానికి వీలుగా వర్ణించే ఫైళ్లు) ఎక్స్‌డీజీ డేటా డిర్స్, జీఐ టైప్‌లిబ్ పాత్. ప్రతిదానిలోనూ మీ ఫోల్డర్ ముందుండాలి, పాత విలువ వెనకాల రావాలి. ఎక్స్‌డీజీ డేటా డిర్స్‌లో సిస్టమ్ షేర్ ఫోల్డర్ లేకుండా రాస్తే ఐకాన్లు, థీమ్‌లు మాయమవుతాయి, జాగ్రత్త. ఈ ఫైల్‌ను, టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే బాష్ఆర్‌సీలో పెట్టకండి. అలా పెడితే మీరు టెర్మినల్ నుంచి తెరిచే ప్రతి ప్రోగ్రామూ మీ కొత్త లైబ్రరీలను పట్టుకుంటుంది. కంపైల్ చేసే టెర్మినల్‌లో మాత్రం సోర్స్ కమాండ్‌తో దాన్ని తెచ్చుకోండి.

ఇప్పుడు మీరు తప్పకుండా పడి ఉండే గుంట ఒకటి చెబుతాను. ఉబుంటులోనూ డెబియన్‌లోనూ మెసాన్ లైబ్రరీలను ప్రిఫిక్స్ కింద నేరుగా లిబ్ ఫోల్డర్‌లో పెట్టదు. లిబ్ లోపల ఎక్స్86_64-లైనక్స్-జీఎన్‌యూ అని ఇంకో ఫోల్డర్ చేసి అందులో పెడుతుంది. ఫెడోరాలో అయితే లిబ్64లో పెడుతుంది. మీరు మాత్రం పీకేజీ కాన్ఫిగ్ పాత్‌లో లిబ్ కింద పీకేజీకాన్ఫిగ్ అనే రాశారు. అక్కడ అసలు ఏమీ లేదు. దారి చూపించినా మెసాన్ పాతదాన్నే పట్టుకోవడానికి కారణం ఇదే. తేలికైన పరిష్కారం ఏమిటంటే, మూడింటికీ మెసాన్ సెటప్‌లో లిబ్‌డిర్ ఆప్షన్ విలువను లిబ్ అని ఇవ్వండి. అప్పుడు ఏ డిస్ట్రోలో అయినా ఒకే చోటకు వస్తాయి.

దీనికి తోడు ఇంకోటి. పీకేజీ కాన్ఫిగ్ పాత్‌ను మెసాన్ మొదటిసారి కాన్ఫిగర్ చేసినప్పుడే చదివి దాచుకుంటుంది. తర్వాత టెర్మినల్‌లో మీరు ఎన్నిసార్లు మార్చినా అదే బిల్డ్ ఫోల్డర్‌లో పాత విలువే నడుస్తుంది. దారి మార్చినప్పుడల్లా బిల్డ్ ఫోల్డర్‌ను తీసేసి కొత్తగా సెటప్ చేయండి.

మొదట బాబుల్. డౌన్‌లోడ్ డాట్ గింప్ డాట్ ఆర్గ్‌లో మూడింటి టార్‌బాల్స్ (సోర్స్ కోడ్ మూటలు) ఉన్నాయి, అవే తీసుకోండి. గిట్ నుంచి తీసుకోవాలనుకుంటే గింప్‌లో గింప్-డేటా అనే సబ్‌మాడ్యూల్ ఉందని మరవకండి, బ్రష్‌లు, ఐకాన్లు దానిలోనే ఉంటాయి. మెసాన్ సెటప్, నింజా (అసలు కంపైల్ నడిపేది ఇదే), నింజా ఇన్‌స్టాల్ అంతే పని. బాబుల్ చిన్నది, చూస్తుండగానే అయిపోతుంది. కాకపోతే మెసాన్ చివర చూపించే పట్టికలో ఇంట్రోస్పెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. గెగల్‌కూ అంతే.

ఆ పట్టిక గురించి కాస్త విడమర్చి చెప్పాలి, ఎందుకంటే దాన్ని చదవకపోవడం వల్ల ఎన్నో గంటలు వృథా అవుతాయి. మెసాన్‌లో చాలా ఆప్షన్లు 'ఆటో' అని ఉంటాయి. కావాల్సిన లైబ్రరీ ఉంటే ఆ సౌకర్యంతో కంపైల్ చేస్తుంది, లేకపోతే చప్పుడు చేయకుండా వదిలేస్తుంది, ఎర్రర్ రాదు. ఉదాహరణకు గోబ్జెక్ట్ ఇంట్రోస్పెక్షన్ డెవ్ ప్యాకేజీ లేకుండా గెగల్‌ను కంపైల్ చేశారనుకోండి. గెగల్ చక్కగా కంపైల్ అవుతుంది, ఇన్‌స్టాల్ అవుతుంది, వెర్షన్ కూడా సరిగ్గా చూపిస్తుంది. గింప్ కంపైల్ చేస్తూ చేస్తూ మధ్యలో 'గెగల్-0.4 డాట్ జీఐఆర్ దొరకలేదు' అని ఆగుతుంది. తప్పు జరిగింది గెగల్ దగ్గర, బయటపడింది గింప్ దగ్గర. చాలామంది గింప్ సోర్స్‌లో ఏదో బగ్ ఉందనుకుని అక్కడే వెతుకుతూ కూర్చుంటారు. అలా వస్తే ముందు మీ ప్రిఫిక్స్‌లో షేర్ కింద జీఐఆర్-1.0 అన్న ఫోల్డర్ తెరవండి. ఫైల్ అక్కడ లేకపోతే గెగల్‌ను ఇంట్రోస్పెక్షన్‌తో మళ్లీ కంపైల్ చేయాలి. ఉండి కూడా దొరకలేదంటే ఎక్స్‌డీజీ డేటా డిర్స్ సరిగ్గా లేదన్నమాట, ఆ ఫైల్‌ను వెతికేది దాని ఆధారంగానే.

ఇదే 'ఆటో' గింప్‌లో ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. లిబ్‌హైఫ్ డెవ్ ప్యాకేజీ లేకపోతే గింప్ హాయిగా కంపైల్ అవుతుంది, కానీ ఐఫోన్‌లో తీసిన హెచ్ఈఐసీ ఫొటోలు తెరుచుకోవు. అప్పుడు మళ్లీ మొదటికి. మీకు తప్పక కావాల్సిన సౌకర్యాలు ఏవో ముందే అనుకుని, వాటిని ఆటోకు వదలకుండా 'ఎనేబుల్డ్' అని ఇవ్వండి. లైబ్రరీ లేకపోతే సెటప్ దగ్గరే ఆగి చెబుతుంది. అలాగే అక్కర్లేనివాటిని 'డిజేబుల్డ్' చేయండి. జావాస్క్రిప్ట్ ప్లగిన్లు, వాలా, డాక్యుమెంటేషన్ తయారీ మీకు ఇప్పుడు అవసరం లేదు, వాటివల్ల డిపెండెన్సీలు పెరగడం తప్ప.

గెగల్ అయ్యాక గింప్ మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం ఆగి, ప్యాకేజ్-కాన్ఫిగ్‌ను రెండు ప్రశ్నలు అడగండి: గెగల్-0.4 వెర్షన్ ఎంత, దాని ప్రిఫిక్స్ ఎక్కడ. మొదటిదానికి కొత్త వెర్షన్, రెండోదానికి మీ హోమ్ ఫోల్డర్ రావాలి. ప్రిఫిక్స్‌గా యూఎస్ఆర్ (/usr) ఫోల్డర్ వచ్చిందంటే ఇంకా సిస్టమ్‌దే కనిపిస్తోందన్నమాట. అక్కడే ఆగి దారి సరిచేసుకోండి.

మీ స్క్రీన్‌షాట్‌లో టెర్మినల్ ప్రాంప్ట్ ముందు 'బేస్' అని కనిపించింది. అంటే అనకొండ (కోండా) అనే పైథాన్ ప్యాకేజీల వ్యవస్థ ఆన్‌లో ఉంది. కాలేజీ విద్యార్థుల లాప్‌టాప్‌లలో ఇది దాదాపు మామూలైపోయింది. కోండాలో సొంత పైథాన్ ఉంటుంది, కొన్నిసార్లు సొంత ప్యాకేజ్-కాన్ఫిగ్, సొంత లైబ్రరీలు కూడా ఉంటాయి. పాత్‌లో అవే ముందుంటాయి. ఇంట్రోస్పెక్షన్ స్కానర్ పైథాన్‌లో రాసినదే కాబట్టి ఏ పైథాన్ తగులుతుందన్నది ఇక్కడ ముఖ్యం. కోండా డీయాక్టివేట్ చేసి, ప్రాంప్ట్‌లో 'బేస్' పోయిందని చూసుకున్నాకే మొదలుపెట్టండి. స్నాప్‌లో ఇన్‌స్టాల్ చేసిన ఎడిటర్ లోపలి టెర్మినల్ కూడా ఇలాంటిదే, స్నాప్‌కు చెందిన దారులు దాని ఎన్విరాన్‌మెంట్‌లో చొరబడి ఉంటాయి. మామూలు టెర్మినల్ విడిగా తెరిచి చేయండి.

గింప్ కంపైల్ అవుతున్నప్పుడు నింజా మీ ప్రాసెసర్ కోర్‌లన్నీ వాడేస్తుంది. ర్యామ్ తక్కువైతే జె ఆప్షన్‌తో రెండుకో మూడుకో తగ్గించండి. కంపైల్ ఫలితాలను దాచిపెట్టే సీక్యాష్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే మెసాన్ దానంతటదే వాడుకుంటుంది. రెండోసారి కంపైల్ చేసేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది. బిల్డ్ టైప్ ఏముందో కూడా చూసుకోండి. ప్రాజెక్ట్ ఏమీ చెప్పకపోతే మెసాన్ డీఫాల్ట్ 'డీబగ్', అంటే ఆప్టిమైజేషన్ ఉండదు. గెగల్ లాంటి లెక్కల లైబ్రరీని అలా కంపైల్ చేస్తే పెద్ద ఫొటో మీద చిన్న బ్లర్ వేసినా ఎదురుచూడాల్సి వస్తుంది. రోజువారీ వాడకానికి 'రిలీజ్', బగ్ వెతకాలంటే 'డీబగ్ ఆప్టిమైజ్డ్' ఇవ్వండి.

ఇన్‌స్టాల్ అయ్యాక లోడర్‌ను పరీక్షించండి. ఎల్‌డీడీ కమాండ్‌కు మీ కొత్త గింప్ బైనరీని ఇచ్చి, వచ్చిన జాబితాలో గెగల్, బాబుల్ లైన్లు చూడండి. రెండూ మీ హోమ్ ఫోల్డర్‌ను చూపిస్తే గట్టెక్కినట్టే. సిస్టమ్ ఫోల్డర్ చూపిస్తే ఎల్‌డీ లైబ్రరీ పాత్ ఆ టెర్మినల్‌లో లేదు. తెరిచాక 'గెగల్ ఆపరేషన్ మిస్సింగ్' అని వస్తే అది ఇంకో సమస్య. గెగల్ తన ఆపరేషన్లను విడి ఫైళ్లుగా పెట్టుకుంటుంది, గెగల్‌ను కంపైల్ చేసినప్పుడు ఏదో లైబ్రరీ లేక వాటిలో ఒకటి తయారు కాలేదు. సందేశంలో ఆ ఆపరేషన్ పేరు ఉంటుంది, దాన్ని పట్టుకుని గెగల్ పట్టికలో ఏది 'నో' అని ఉందో చూడండి.

మెనూలోంచి తెరవడానికి, ముందు రాసుకున్న షెల్ ఫైల్‌ను సోర్స్ చేసి గింప్‌ను నడిపే చిన్న స్క్రిప్ట్ ఒకటి చేసుకుని, డెస్క్‌టాప్ ఫైల్‌లో దాని దారి ఇవ్వండి. పాత గింప్ మెనూలో అలాగే ఉంటుంది. 2.10 సెట్టింగ్‌లు, 3.0 సెట్టింగ్‌లు వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి చెడగొట్టవు.

తెలుగు అక్షరాలు డబ్బాలుగా వస్తున్నాయన్నారు. మీరు ఏదో పాత వ్యాసం చూసి ఫాంట్‌కాన్ఫిగ్‌ను కూడా కంపైల్ చేశారని రాశారు కదా, కారణం అదే. సొంత ప్రిఫిక్స్‌తో కంపైల్ చేసిన ఫాంట్‌కాన్ఫిగ్ తన సెట్టింగ్‌లను ఆ ప్రిఫిక్స్‌లోని ఈటీసీ ఫోల్డర్‌లో వెతుకుతుంది, సిస్టమ్ ఈటీసీలో కాదు. ఉబుంటు చేసిపెట్టిన ఫాంట్ సెట్టింగ్‌లేవీ దానికి కనిపించవు. మీ ఫాంట్‌కాన్ఫిగ్‌ను తీసేసి సిస్టమ్‌దే వాడండి. తెలుగు ఫాంట్లు లేకపోతే ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీ పెట్టుకోండి, లోహిత్, పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. గింప్‌లో వచనాన్ని పేర్చేది ప్యాంగో, వత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చేది హార్ఫ్‌బజ్. ఈ రెండూ కూడా సిస్టమ్‌వే ఉంచండి. టెక్స్ట్ టూల్‌తో 'స్త్రీ', 'రాష్ట్రం', 'లక్ష్మి' అని టైప్ చేసి చూడండి. డబ్బాలు వస్తే ఫాంట్ దొరకలేదు. అక్షరాలు వచ్చి వత్తులు విడిపోయి పక్కన పడితే ఆ ఫాంట్‌లోనే ఓపెన్‌టైప్ పట్టికలు సరిగ్గా లేవు, వేరే ఫాంట్ మార్చండి.

ఇంకో మాట. మీకు కేవలం గింప్ 3 వాడుకోవడమే కావాలంటే ఇంత శ్రమ అక్కర్లేదు. ఫ్లాట్‌హబ్‌లో ఫ్లాట్‌ప్యాక్ ఉంది, గింప్ వెబ్‌సైట్‌లో యాప్‌ఇమేజ్ ఉంది. లైబ్రరీలు వాటితోనే వస్తాయి. సోర్స్ నుంచి కంపైల్ చేయడం కోడ్ మార్చాలనుకునేవాళ్ల పని: ఒక బగ్ సరిచేయాలన్నా, ప్లగిన్ రాసి పరీక్షించాలన్నా, పీఓ ఫైల్‌లో మార్చిన అనువాదం తెర మీద ఎలా కూర్చుందో చూడాలన్నా. మీరు ఒక ఫిల్టర్‌లో మార్పు చేయాలనుకుంటున్నానని రాశారు కాబట్టే ఇంత వివరంగా చెప్పాను. ఆ ఫిల్టర్ కోడ్ గెగల్‌లో ఉంటే, మార్చిన ప్రతిసారీ గెగల్ ఫోల్డర్‌లో నింజా ఇన్‌స్టాల్ ఒక్కటే చేయండి, మారిన ఫైల్ మాత్రమే కంపైల్ అవుతుంది. గింప్‌ను మూసి తెరిస్తే చాలు, దాన్ని మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు.

ఇలా చేశాక కూడా ఆగిపోతే మూడు సంగతులు పంపండి: బిల్డ్ ఫోల్డర్‌లో మెసాన్-లాగ్స్ కింద ఉండే లాగ్ ఫైల్ చివరి భాగం, గెగల్ వెర్షన్ గురించీ ప్రిఫిక్స్ గురించీ ప్యాకేజ్-కాన్ఫిగ్ చెప్పిన జవాబు, ఎల్‌డీడీ ఇచ్చిన జాబితా. స్క్రీన్‌షాట్ కాకుండా టెక్స్ట్‌గా పెట్టండి, ఎర్రర్ చివరి లైన్ ఒక్కటే కాకుండా దానికి పైనున్న లైన్లు కూడా ఉంచండి. అసలు ఎర్రర్ చాలాసార్లు ఆ పైన ఎక్కడో ఉంటుంది.